నియమాల్లో లొసుగులు వెతికి పెట్టమని పిల్లలనే అడిగాం

ఆన్‌లైన్ చదరంగంలో మోసం అనగానే అందరికీ గుర్తొచ్చేది పక్క ఫోనులో కంప్యూటర్ చేత ఎత్తులు వేయించుకోవడం. అది దొంగతనం. దాని గురించి నాకు ఎన్నడూ సందేహం కలగలేదు. పట్టుబడితే ఖాతా పోతుంది, పోవాలి కూడా. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. ఒక పిల్లవాడు రాసిన నియమాలన్నీ అక్షరం పొల్లుపోకుండా పాటిస్తూనే అవతలి పిల్లకు రావాల్సిన ఫలితాన్ని ఎగరేసుకుపోతే ఏం చేయాలి? వాడిని శిక్షించాలా? ఫలితం మార్చాలా? వదిలేయాలా? పిల్లల పోటీలకు నియమాలు రాసే పని నా మీద పడిన తర్వాత ఈ ప్రశ్నతో చాలా కాలం కుస్తీ పట్టాను. ఇప్పుడు నాకంటూ ఒక అభిప్రాయం స్థిరపడింది. అది ఎలా ఏర్పడిందో చెబుతాను.

నేను తణుకులో పిల్లలకు చదరంగం నేర్పుతాను. 2020లో బడులు మూతపడినప్పుడు మా క్లబ్బు బల్లలు కూడా ఖాళీ అయ్యాయి. అప్పుడే శనివారం సాయంత్రాలు లిచెస్‌లో పోటీలు మొదలుపెట్టాం. 2010లో తిబో డుప్లెసి అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ప్రారంభించిన సైటు అది. రుసుము లేదు, ప్రకటనలు లేవు, విరాళాల మీద నడుస్తుంది. పిల్లల చేతికి భయం లేకుండా ఇవ్వగలిగిన చోటు. బడులు తెరిచాక కూడా శనివారం పోటీ ఆగలేదు. భీమవరం, ఏలూరు, పాలకొల్లు పిల్లలు కూడా వచ్చి చేరారు. తల్లిదండ్రులు తలా కొంత చందా వేసుకుని బహుమతులు పెట్టారు. బహుమతులు పెట్టిన నాటి నుంచి పిల్లలు నియమాలు చదవడం మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాన్ని కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరు.

మేం ఆడించేది అరీనా పద్ధతి. గంటన్నర సేపు తలుపులు తెరిచి ఉంటాయి. ఒక ఆట ముగియగానే సైటే ఇంకొకరితో జత కలుపుతుంది. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. వరసగా రెండు గెలిస్తే పేరు పక్కన మంట గుర్తు వెలుగుతుంది. అక్కడి నుంచి గెలుపు ఆగేదాకా పాయింట్లు రెట్టింపు. బెర్సర్క్ అని ఇంకొకటి ఉంది. ఆట మొదట్లోనే తన గడియారాన్ని సగానికి తగ్గించుకుని గెలిచినవాడికి ఒక పాయింటు అదనం.

ఈ పద్ధతి నియమాల పేజీని పెద్దలు ఒక్కసారైనా నింపాదిగా చదవాలి. అందులో ప్రతి చిన్న షరతు వెనకా ఎవరో ఎక్కడో చేసిన ఒక తెలివైన పని కనిపిస్తుంది. 10 ఎత్తుల లోపు డ్రా చేసుకుంటే ఇద్దరికీ ఏమీ రాదు. స్నేహితులిద్దరు నాలుగు ఎత్తులు వేసి చేతులు కలిపి చెరో పాయింటు జేబులో వేసుకునే పని అలా ఆగింది. బెర్సర్క్ అదనపు పాయింటు రావాలంటే కనీసం 7 ఎత్తులు ఆడి ఉండాలి. అంటే రెండో ఎత్తుకే ఆట వదిలేసి మిత్రుడికి పాయింట్లు కానుకగా ఇచ్చేవాళ్లకు కూడా గడియ బిగించారు. రాసినవాళ్లు చాలా చూసి ఉంటారని నాకు గౌరవం కలిగింది. కానీ ఆ సైటు ప్రపంచం మొత్తానికి రాసుకుంది. మా బహుమతులకు, మా విభాగాలకు, మా కరెంటు కోతలకు మేమే రాసుకోవాలి.

అసలు తగాదా ఒక వేసవి శనివారం వచ్చింది. అప్పట్లో మేం ఆడించేది ఒక్కొక్కరికి 3 నిమిషాలు. ఎత్తుకు అదనపు సెకన్లు ఉండేవి కావు. పోటీ ముగియడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉంది. మొదటి స్థానంలో ఉన్న అమ్మాయికీ, రెండో స్థానంలో మంట గుర్తుతో ఉన్న అబ్బాయికీ జత పడింది. ఆట తగ్గుతూ తగ్గుతూ చివరికి చెరొక రాజు, చెరొక ఏనుగు మిగిలాయి. చదరంగం తెలిసిన ఎవరైనా చెబుతారు, అది డ్రా. ఎవరూ ఎవరినీ ఏమీ చేయలేరు. అయితే అమ్మాయి గడియారంలో 9 సెకన్లు ఉన్నాయి, అబ్బాయి గడియారంలో అరనిమిషం పైనే ఉంది.

అమ్మాయి డ్రా అడిగింది. అబ్బాయి ఒప్పుకోలేదు. ఏనుగుతో షా చెప్పాడు, రాజు పక్కకు జరిగింది. మళ్లీ షా. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా కోరవచ్చని వాడికి తెలుసు. అందుకే ఏనుగును ప్రతిసారీ వేరే గడిలో ఆపుతున్నాడు. బంటు కదలకుండా, ఏ పావూ పోకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అన్న నియమం దాకా వెళ్లేంత సమయం ఆమెకు లేదు. ఏనుగు మిగిలి ఉంటే అవతలి రాజుకు కట్టు పడే అవకాశం లెక్క ప్రకారం ఉన్నట్టే కాబట్టి, గడియారం సున్నాకు వస్తే అది ఓటమే. ఇదేమీ ఆ సైటు కల్పించిన వింత కాదు, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నియమం కూడా అదే. నేను తెర మీద చూస్తూనే ఉన్నాను. ఎర్రగా మారిన ఆమె గడియారంలో 3, 2, 1 అని సెకన్లు కరిగిపోయాయి. అబ్బాయికి 4 పాయింట్లు వచ్చి మొదటి స్థానానికి ఎగబాకాడు.

పోటీ ముగిసిన వెంటనే ఆ అమ్మాయి తల్లి ఫోను చేశారు.

“మాస్టారూ, మా పిల్ల ఆటలో ఓడిపోలేదండీ. ఆ అబ్బాయి గెలవడానికి ఒక్క ఎత్తయినా వేశాడా, మీరే చెప్పండి.”

వేయలేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. తర్వాత ఆ అబ్బాయితో మాట్లాడాను. వాడి గొంతులో తప్పు చేసిన బెరుకు లేదు. “టైమ్ కూడా ఆటలో భాగమే కదా సార్. నేను ఏ రూలు తప్పానో చూపించండి” అన్నాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

నిర్ణయం తీసుకోవాల్సింది ముగ్గురం. నేను, రిటైరైన ఒక లెక్కల మాస్టారు, ఇంజనీరింగ్ చదువుతున్న ఒక కుర్రాడు. మాస్టారు ఆట రద్దు చేసి డ్రాగా రాయాలన్నారు. ఆయన వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బల్ల మీద ఆడేటప్పుడు, అదనపు సెకన్లు లేని ఆటల్లో, చివరి రెండు నిమిషాల్లో ఎదుటివాడు గెలవడానికి ప్రయత్నించకుండా గడియారం కోసమే ఆడుతున్నాడని ఆటగాడు ఆర్బిటర్‌కు, అంటే పోటీ న్యాయనిర్ణేతకు, మొరపెట్టుకునే వెసులుబాటు ఫిడే మార్గదర్శకాల్లో చాలా కాలం నుంచి ఉంది. ఆర్బిటర్ నమ్మితే డ్రా ఇవ్వవచ్చు. మన పిల్లకు ఆ రక్షణ ఎందుకు ఉండకూడదని ఆయన ప్రశ్న.

కుర్రాడు కౌంటర్-స్ట్రైక్ అనే జట్ల తుపాకుల వీడియో గేమ్ ఆడతాడు. అందులో ఆట జరిగే స్థలాన్ని మ్యాప్ అంటారు. వాడు 2014లో స్వీడన్‌లో జరిగిన డ్రీమ్‌హాక్ వింటర్ పోటీ సంగతి చెప్పాడు. క్వార్టర్ ఫైనల్లో ఫెనాటిక్ జట్టు ఎల్‌డీఎల్‌సీ మీద ఓవర్‌పాస్ మ్యాప్‌లో 3-12తో వెనకబడి ఉంది. రెండో సగంలో ఆ జట్టు ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు ఎక్కి, మ్యాప్ తయారుచేసినవాళ్లు ఊహించని ఎత్తైన చోటుకు ఒకరిని చేర్చారు. అక్కడి నుంచి మ్యాప్‌లో సగం కనబడుతుంది. 16-13తో గెలిచేశారు. ఎల్‌డీఎల్‌సీ ఫిర్యాదు చేసింది. కనిపించని అంచుల మీద నిలబడటం, పారదర్శకంగా మారిన గోడల గుండా చూడటం ఆ పోటీ నియమావళిలో ముందే నిషిద్ధం. పరిశీలిస్తే ఎల్‌డీఎల్‌సీ కూడా ఒకచోట అలాంటి అంచును వాడుకున్నట్టు తేలింది. మొత్తం మ్యాప్ మళ్లీ ఆడమన్నారు. ఫెనాటిక్ తప్పుకుంది. చివరికి ఆ టోర్నమెంటు ఎల్‌డీఎల్‌సీదే అయింది.

ఆ కథ విన్నాక నా మనసులో ఉన్నది తేటపడింది. అక్కడ ఫలితాన్ని తిరగదోడే అధికారం నిర్వాహకులకు ఎక్కడి నుంచి వచ్చింది? ముందే రాసి ఉన్న వాక్యం నుంచి. మాస్టారు చెప్పిన ఫిడే వెసులుబాటు కూడా పోటీ మొదలుకాకముందే ప్రకటించాల్సినది. మేం ప్రకటించలేదు. ఆ అబ్బాయికి మేం ఇచ్చిన కాగితంలో “టైమ్ అయిపోతే ఓటమి” అని ఉంది. దాన్ని నమ్మి ఆడాడు. ఇప్పుడు ఆ ఆట మాకు నచ్చలేదు కాబట్టి పాయింట్లు వెనక్కి లాక్కుంటే, రేపటి నుంచి మా కాగితాన్ని ఏ పిల్లవాడూ నమ్మడు. గెలిచాక కూడా పెద్దవాళ్ల ముఖాల వైపు చూడాల్సి వస్తుంది. పిల్లల పోటీలో అంతకంటే చెడ్డ అలవాటు నాకు తోచదు.

ఫలితం మార్చలేదు. లెక్కల మాస్టారు ఒప్పుకోలేదు, తన అసమ్మతి రాసిపెట్టమన్నారు, రాశాం. ఆ అమ్మాయి తర్వాతి పోటీలకు పేరు ఇవ్వలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ రోజు మళ్లీ వస్తే మాత్రం అదే నిర్ణయం తీసుకుంటాను.

మర్నాటి నుంచి నియమం మార్చే పని మొదలైంది. మందు అందరికీ తెలిసినదే. ప్రతి ఎత్తుకూ గడియారానికి కొన్ని సెకన్లు కలపడం. మాజీ ప్రపంచ విజేత బాబీ ఫిషర్ 1988లో పేటెంటుకు దరఖాస్తు చేసిన గడియారం ఇదే. 1992లో పాత ప్రత్యర్థి స్పాస్కీతో మళ్లీ ఆడినప్పుడు దాన్నే వాడారు. ఎత్తుకు 2 సెకన్లు వస్తే రాజు, ఏనుగు ఉన్న పిల్లవాడు ఎంతసేపైనా నిలబడగలడు. అవతలివాడే విసుగెత్తి డ్రాకు ఒప్పుకుంటాడు. దీనికి ఖరీదు ఉంది. 60 ఎత్తుల ఆటకు ఇద్దరి గడియారాల్లో కలిపి 4 నిమిషాలు పెరుగుతాయి. గంటన్నరలో ఒక్కొక్కరికి దక్కే ఆటలు తగ్గుతాయి. చిన్నపిల్లలకు ఎక్కువ ఆటలు ఆడటమే సంబరం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అయినా 3 నిమిషాలకు 2 సెకన్లు కలిపాం.

ఒక లొసుగు మూసేలోపు ఇంకొకటి బయటపడటం చూశాక నాకొక ఆలోచన వచ్చింది. నియమాలు రాసేది మేం, వాటిలో కంతలు కనిపెట్టేది పిల్లలు. వాళ్లు ఎలాగూ కనిపెడతారు. ఆట మొదలయ్యాక కనిపెడితే ఎవరో ఒకరు నష్టపోతారు. ముందే కనిపెట్టమంటే? కొత్త నియమావళి చిత్తుప్రతి అచ్చు తీసి, ఒక ఆదివారం పిల్లలను క్లబ్బుకు పిలిచి చెప్పాను. “ఇందులో ఏ నియమమూ తప్పకుండా, న్యాయంగా ఆడకుండా గెలిచే దారులు వెతకండి. దొరికితే చెప్పండి.”

మొదట ఎవరూ నోరు విప్పలేదు. తమను పరీక్షిస్తున్నాననుకున్నారేమో. తర్వాత ఆరో తరగతి పిల్లవాడొకడు చెయ్యెత్తాడు.

“సార్, నెట్ పోతే ఆ ఆట మళ్లీ ఆడిస్తామని రాశారు కదా. నేను ఓడిపోయేలా ఉన్నప్పుడు వైఫై ఆపేస్తే?”

గది ఒక్కసారిగా నవ్వులతో నిండిపోయింది. ఆ నియమం తల్లిదండ్రులు పట్టుబట్టి పెట్టించినది. వేసవిలో కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, దానికి పిల్లల్ని ఓడించడం అన్యాయమన్నది వాళ్ల మాట. నిజమే. సరే, నెట్ పోయిన క్షణానికి ఎవరిది పైచేయో కంప్యూటర్‌తో లెక్క కట్టించి, దాన్నిబట్టి ఫలితం ఇద్దామన్నాను. అదే పిల్లవాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అప్పుడు నేను గెలుస్తున్నప్పుడు ఆపేస్తాను సార్. మిగిలిన ఆట ఆడే పని ఉండదు.”

నాకు అంతవరకు తట్టని విషయం అది. చదరంగంలో గెలిచే స్థితికి రావడం ఒక పని, ఆ స్థితిని గెలుపుగా మార్చడం ఇంకో పని. రెండోదే కష్టం. మధ్యలో ఆగిపోయినా పైచేయి ఉన్నవాడికి గెలుపు ఇచ్చేస్తే, ఆ కష్టమైన సగాన్ని ఎగ్గొట్టే దారి మేమే తెరిచినట్టు. చివరికి నెట్ పోయినా గడియారం నడుస్తూనే ఉంటుందని రాశాం. తిరిగి రాగలిగితే వచ్చి ఆడాలి. ఫోనులో మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోమని తల్లిదండ్రులకు చెప్పాం. దీనివల్ల ఒక ఆట పోవచ్చు. అరీనాలో ఒక ఆట పోతే పోటీ పోదు. నాకౌట్ పద్ధతి కావాలని అడిగినవాళ్లకు నేను ఈ ఒక్క కారణంతోనే వద్దని చెబుతున్నాను.

ఈ నెట్ సమస్య మా ఊరి స్థాయిది మాత్రమే అనుకోనక్కర్లేదు. 2020 ఆగస్టులో ఫిడే ఆన్‌లైన్ ఒలింపియాడ్ జరిగింది. మన జట్టులో ఆనంద్‌తో పాటు మన హంపి, హారిక, హరికృష్ణ ఉన్నారు. క్వార్టర్ ఫైనల్లో భారత్‌తో ఆడుతున్న ఆర్మేనియా ఆటగాడికి కనెక్షన్ తెగిపోయి ఆట పోయింది. ఆర్మేనియా అప్పీలు చేసింది, తోసిపుచ్చారు. ఆ జట్టు నిరసనగా పోటీ నుంచే తప్పుకుంది. మనం ముందుకు వెళ్లాం. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా ఇంటర్నెట్‌లో అంతరాయం వచ్చింది. రెండో మ్యాచ్‌లో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ ఆటలు మధ్యలో తెగిపోయి ఓటములయ్యాయి. మొదట రష్యా గెలిచిందన్నారు. భారత్ అప్పీలు చేసింది. ఫిడే అధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు.

ఆ రోజు అందరితో పాటు నేనూ సంతోషించాను. కానీ పిల్లలకు ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చెప్పినప్పుడు ఒకమ్మాయి అడిగింది. “మరి ఆర్మేనియా వాళ్లకు ఎందుకు ఇవ్వలేదు సార్?” ఒకరికి తెగినదానికి, ప్రపంచంలో సగానికి తెగినదానికి తేడా ఉందని చెప్పాను. ఆ తేడా నిజమే. అయితే ఏది ఎవరి వైపు తప్పు అని తేల్చే పద్ధతి ముందుగా అందరికీ అర్థమయ్యేలా ఉంటే, ఆర్మేనియా జట్టుకు అంత కడుపుమంట ఉండేది కాదని నా నమ్మకం. అందుకే మా నియమావళిలో ఒక పంక్తి చేర్చాం. ఆడుతున్నవాళ్లలో సగం మందికి పైగా ఒకేసారి తెగిపోతే ఆ రోజు పోటీ మొత్తం రద్దు. అంతకంటే తక్కువైతే ఎవరి నెట్‌కు వాళ్లే బాధ్యులు.

రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) సంగతి త్వరగానే తేలింది. 1500 లోపు వాళ్లకు వేరే బహుమతి పెడితే, కొందరు వారం ముందు నుంచే కావాలని ఓడి రేటింగ్ దించుకుని వస్తున్నారు. గత వారంలోని అత్యధిక రేటింగ్ చూసి ఆపే ఏర్పాటు సైటులో ఉంది. దాన్ని దాటడానికి వాళ్లు ఇంకో వారం ముందు మొదలుపెడతారు. రేటింగ్ విభాగాలు తీసేసి తరగతుల వారీగా పెట్టాం. ఏడో తరగతి పిల్లవాడు ఎంత కష్టపడినా ఐదో తరగతిలోకి దిగలేడు.

అన్నదమ్ముల విషయంలో చాలా సేపు నలిగాం. ఇద్దరూ ఒకే ఇంట్లో, రెండు ఫోన్ల మీద ఆడతారు. ఇద్దరి ఆటలూ ఒకేసారి ముగిసేలా చూసుకుని, ఒకరితో ఒకరికి జత పడే అవకాశం పెంచుకునేవారు. తమ్ముడికి మంట గుర్తు వెలుగుతున్నప్పుడు అన్న ఓడిపోయేవాడు. ఆటలు తీసి చూస్తే తమ్ముడు బెర్సర్క్ నొక్కి ఉన్నాడు. ఏడెనిమిది ఎత్తులయ్యాక అన్న మంత్రిని ఊరికే అప్పగించి ఆట వదిలేశాడు. 7 ఎత్తుల నియమం ఎందుకుందో వాళ్లు చక్కగా చదువుకున్నారు!

ఇది రాజు, ఏనుగు తగాదా లాంటిది కాదని నా అభిప్రాయం. అక్కడ ఇద్దరూ గెలవాలనే కూర్చున్నారు. ఇక్కడ బల్లకు రెండు వైపులా ఒకే పక్షం ఉంది, అసలు ఆటే జరగలేదు. కానీ మా కాగితంలో దాన్ని ఆపే వాక్యం ఉందా? లేదు. కాబట్టి అప్పటివరకు వచ్చిన పాయింట్లు వాళ్లవే అన్నాను. ఈసారి లెక్కల మాస్టారు నాకంటే గట్టిగా అదే మాట అన్నారు.

కొత్త వాక్యం ఎలా రాయాలో నాకు బ్యాడ్మింటన్ నేర్పింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ జంటలు కొన్ని గ్రూపు దశలో కావాలని ఓడిపోవడానికి పోటీపడ్డాయి. ఓడితే తర్వాతి దశలో సులువైన ప్రత్యర్థి దొరుకుతుందన్నది లెక్క. సర్వీసులు నెట్‌కు కొట్టారు. చూడటానికి వచ్చిన జనం కేకలు వేశారు. చైనా జంటను, దక్షిణ కొరియా రెండు జంటలను, ఇండోనేషియా జంటను, మొత్తం 8 మందిని బహిష్కరించారు. అదే పోటీలో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జంట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా పాయింట్ల తేడా లెక్కలో ముందుకు వెళ్లలేకపోయింది. తమ గ్రూపులో జపాన్, చైనీస్ తైపీ మధ్య జరిగిన మ్యాచ్‌ను పరిశీలించాలని భారత్ కోరింది, ఆ ఫిర్యాదు నిలబడలేదు. హైదరాబాద్ అమ్మాయి విషయం కాబట్టి మనకు అది ఇంకా గుర్తుంది.

ఆ 8 మందిని శిక్షించగలిగింది గెలవడానికి శక్తికొద్దీ ఆడాలన్న మాట ఆటగాళ్ల ప్రవర్తనా నియమావళిలో ముందే ఉండటం వల్ల. అంతటితో ఊరుకోలేదు కూడా. 2016 రియో ఒలింపిక్స్ నాటికి డబుల్స్‌లో గ్రూపుల్లో రెండో స్థానం వాళ్లకు తర్వాతి దశలో చోటు లాటరీ తీసి ఇచ్చే పద్ధతి పెట్టారు. ఓడితే ఎవరు ఎదురవుతారో ముందు తెలియనప్పుడు ఓడటంలో లాభం లేదు. నాకు ఈ రెండో పని మొదటిదానికంటే బాగా నచ్చింది. పిల్లవాడి మనసులో ఏముందో తేల్చే పని మాకు తప్పుతుంది.

మేం కూడా రెండూ చేశాం. “ప్రతి ఆటా గెలవాలనే ఆడాలి” అని ఒక వాక్యం రాశాం. ఒకే ఇంటి పిల్లల మధ్య జరిగిన ఆటలను బహుమతి లెక్కలోకి తీసుకోబోమని ఇంకొకటి రాశాం. మొదటి వాక్యం కింద ఎవరినైనా తప్పుపట్టాలంటే ముగ్గురమూ ఆట చూసి ఏకాభిప్రాయానికి రావాలి, ఆ పిల్లవాడి మాట వినాలి. రెండో వాక్యం వచ్చాక మొదటిదాన్ని వాడాల్సిన అవసరం రాలేదు.

ఆ ఆదివారం కూర్చున్నప్పుడు బెర్సర్క్ గురించి కూడా ఒక ప్రశ్న వచ్చింది. బెర్సర్క్ నొక్కినవాడికి ఎత్తుకు కలిసే 2 సెకన్లు కూడా పోతాయి. అప్పుడు అవతలివాడు రాజు, ఏనుగు మిగుల్చుకుని మళ్లీ పాత పనే చేయవచ్చు కదా? చేయవచ్చు. దాన్ని మూయలేదు. అదనపు పాయింటు కోసం ఆ రక్షణను వదులుకున్నది ఆ పిల్లవాడే. ప్రతి కంతనూ పూడ్చాలని నేననుకోవడం లేదు. ఇద్దరికీ ముందే తెలిసి, ఇద్దరికీ సమానంగా తెరిచి ఉన్నది ఆటలో భాగమే.

నాకు నిజంగా కష్టమనిపించిన ప్రశ్న ఆఖరున వచ్చింది. నేను పిల్లలకు అప్పటి ప్రపంచ విజేత కార్ల్‌సన్ సంగతి చెప్పాను. 2020లో ఒక ఆన్‌లైన్ టోర్నమెంటులో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ కనెక్షన్ తెగిపోవడం వల్ల కార్ల్‌సన్ చేతిలో ఒక ఆట పోగొట్టుకున్నాడు. అలా వచ్చిన గెలుపు కార్ల్‌సన్‌కు నచ్చలేదు. ఆ తర్వాతి ఆటలో మొదటి కొద్ది ఎత్తుల్లోనే తన మంత్రిని ఇచ్చేసి ఆట వదిలేశాడు. నియమం అతణ్ని అలా చేయమనలేదు. ప్రపంచ విజేతగా ఉన్నవాడు ఆ పని చేశాడంటే నాకు ఎంతో గొప్పగా అనిపించింది, పిల్లలకూ అలాగే అనిపించాలని చెప్పాను.

తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. “సార్, మన రూలు ప్రకారం అది తప్పు కదా? ప్రతి ఆటా గెలవాలనే ఆడాలి అన్నారు.”

అవును, తప్పే. మంత్రిని ఊరికే ఇచ్చి ఆట వదిలేసిన అన్నకూ, కార్ల్‌సన్‌కూ కాగితం మీద తేడా కనిపించదు. చాలాసేపు దారులు వెతికాం. ఆర్బిటర్‌కు ముందే చెప్పి ఓడిపోవచ్చని రాద్దామన్నారు ఒకరు. అయితే జట్టు పోటీల్లో స్నేహితులు ఒకరికొకరు పాయింట్లు పంచుకోవడానికి అదే తలుపవుతుందని ఇంకొకరు అడ్డుపడ్డారు. ముందు ఆటలో నెట్ పోయి ఉంటేనే అనుమతిద్దామన్నాం. వైఫై ఆపేసే మా ఆరో తరగతి పిల్లవాడు వెంటనే నా వైపు చూశాడు! ఆ మినహాయింపు పెట్టలేకపోయాం. మా పోటీలో కార్ల్‌సన్ చేసిన పని చేస్తే ఆ ఆటకు పాయింట్లు ఎవరికీ రావు. నాకు ఇది ఇష్టం లేదు. ఔదార్యానికి చోటులేని నియమం రాయాల్సి వచ్చిందన్న వెలితి ఉంది. కానీ ఆ చోటును పెద్ద మనసున్న పిల్లలకంటే ముందు వేరేవాళ్లు వాడుకుంటారని ఆ గదిలోని పిల్లలే నాకు చూపించారు.

ఇప్పుడు పద్ధతి ఇది. నియమాల్లో మార్పు ఉంటే బుధవారం అందరికీ పంపిస్తాం. శుక్రవారం రాత్రి లోపు లొసుగు పట్టుకుని చెప్పినవాళ్లకు ఆ వారం ప్రవేశ రుసుము ఉండదు, మారిన నియమం పక్కన వాళ్ల పేరు ఉంటుంది. శనివారం ఆట మొదలయ్యాక ఎవరికి ఏ కంత దొరికినా ఆ రోజుకు అది చెల్లుతుంది, ఫలితం మారదు. లెక్కల మాస్టారు కూడా దీనికి సంతకం పెట్టారు.

ఈ నెల వచ్చినది జట్ల పోటీ మీద. ప్రతి జట్టులో ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఐదుగురివే లెక్కిస్తాం. ఏలూరు నుంచి ఎక్కువ మంది ఆడతారు కాబట్టి వాళ్లలో ఎవరో ఐదుగురికి ఆ రోజు బాగా కలిసి రావడం సులువని, పాలకొల్లు జట్టుకు ఆ వీలు లేదని ఆ ఊరి అమ్మాయి రాసి పంపింది. ప్రతి జట్టూ ఎనిమిది పేర్లే ముందుగా నమోదు చేయాలన్న పరిష్కారం కూడా తనే సూచించింది. ఏలూరు వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే శనివారం నుంచి అదే అమలు.